కెర్నెల్ పతనానికి సాక్ష్యం: కేడంప్ కోరే మెమరీ మూల్యం

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగం కెర్నెల్. అందులో కోలుకోలేని దోషం తలెత్తితే కంప్యూటర్ యావత్తూ స్తంభిస్తుంది. కారణం తెలియాలంటే ఆ క్షణాన మెమరీలో ఉన్న సమాచారాన్ని భద్రపరచాలి. కాని ఆ పని చేయవలసిన కెర్నెలే దెబ్బతిని ఉంటుంది; దాని డిస్క్ డ్రైవర్లను ఇక నమ్మలేము.

ఈ చిక్కుకు పరిష్కారంగా 2005లో వెలువడిన లినక్స్ 2.6.13లో కేడంప్ చేరింది. యంత్రం ప్రారంభమయ్యేటప్పుడే మెమరీలో కొంత భాగాన్ని వేరుచేసి, తరువాత అందులో మరొక కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతారు. మొదటిది కూలగానే నియంత్రణ రెండవదానికి చేరుతుంది. అది తనకు కేటాయించిన భాగంలోనే పనిచేస్తూ, మిగిలిన మెమరీలోని సమాచారాన్ని డిస్కులోనో నెట్‌వర్క్ ద్వారా మరో యంత్రంలోనో భద్రపరుస్తుంది.

ఇలా వేరుచేసిన భాగం సాధారణ సమయంలో ఏ ప్రోగ్రామ్‌కూ ఉపయోగపడదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో, 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాలకు, 1 నుండి 4 గిగాబైట్ల మెమరీ ఉంటే 192 మెగాబైట్లు, 4 నుండి 64 వరకు 256, ఆపైన 512 మెగాబైట్లు ప్రామాణిక కేటాయింపు. 128 గిగాబైట్ల సర్వర్‌లో ఇది 0.4 శాతమే, 2 గిగాబైట్ల చిన్న యంత్రంలో 9 శాతానికి పైమాటే. కనుక భారం ఎక్కువగా పడేది చిన్న యంత్రాలపైనే.

అలాగని కేటాయింపును తగ్గిస్తే మరో ప్రమాదం ఉంది. రెండవ కెర్నెల్‌కు మెమరీ చాలకపోతే అదీ మధ్యలోనే ఆగిపోతుంది. సాక్ష్యం శాశ్వతంగా పోతుంది. దాని అవసరం యంత్రంలోని మొత్తం మెమరీపైనే కాక డ్రైవర్లు, పరికరాలు, ప్రాసెసర్ల సంఖ్యపై కూడా ఆధారపడుతుంది. అందుకే దానిని సాధారణంగా ఒకే ప్రాసెసర్‌తో, అత్యవసరమైన డ్రైవర్లతో నడుపుతారు.

దోషాన్వేషణ సాధనాలు ఈ అవసరాన్ని మరింత పెంచుతాయి. ఉదాహరణకు, మెమరీ దోషాలను పట్టే కాసాన్, దాని సాధారణ రూపంలో, ప్రతి 8 బైట్లకు 1 బైటు చొప్పున నీడ మెమరీని ఉంచుకుంటుంది. ఇటువంటి సాధనాలతో నిర్మించిన కెర్నెల్‌నే రెండవ కెర్నెల్‌గా వాడితే ఆ భారం ఇరుకైన కేటాయింపులోకీ ప్రవేశిస్తుంది. అప్పుడు కేటాయింపునైనా పెంచాలి, లేదా రెండవ స్థానంలో ఆ సాధనాలు లేని తేలిక కెర్నెల్‌నైనా ఉంచాలి.

కాబట్టి ప్రామాణిక అంకెను ఆరంభ బిందువుగా మాత్రమే గ్రహించాలి. యంత్రాన్ని సేవలో పెట్టకముందే, సిస్‌ఆర్‌క్యూ సదుపాయంతో కెర్నెల్‌ను ఉద్దేశపూర్వకంగా కూల్చి, డంప్ పూర్తిగా చేరిందో లేదో పరీక్షించాలి. డ్రైవర్లు లేదా కెర్నెల్ మారిన ప్రతిసారీ ఈ పరీక్షను పునరావృతం చేయడం అవసరం.