వెనకాల వచ్చే ఇల్లు

వేసవి సెలవులు రాగానే అమెరికా రోడ్ల మీద ట్రావెల్ ట్రెయిలర్లు బారులు తీరుతాయి. పడక, వంటగట్టు, స్నానాల గది అన్నీ ఉంటాయి గానీ ఈ ఇంటికి ఇంజను ఉండదు. పికప్ ట్రక్కు లాక్కెళ్లాలి. చిక్కల్లా అక్కడే. కారు టైరులో గాలి తగ్గితే స్టీరింగు పక్కకు లాగుతుంది. ట్రెయిలర్ టైరు చిరిగి పేలికలవుతున్నా, ముందు కూర్చున్నవాడు పాటలు వింటూ పోతూనే ఉంటాడు.

నిజానికి ఈ బండిని తిరగడం కన్నా ఊరికే నిలబడి ఉండటమే ఎక్కువ పాడుచేస్తుంది. టైరు దొర్లుతుంటే రబ్బరులో కలిపిన మైనం పైకి వచ్చి ఎండనుంచి, ఓజోన్ నుంచి కాపు కాస్తుంది. నెలల తరబడి కదలకపోతే పక్కగోడల మీద సన్నటి పగుళ్లు వస్తాయి. అరుగుదలే లేని టైరు కూడా ముసలిదై ఉండొచ్చన్నమాట. వయసు తెలియాలంటే టైరు మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చూడాలి: 2319 అంటే 2019లో 23వ వారం.

ట్రెయిలర్లకని ఎస్‌టీ గుర్తుతో వేరే టైర్లు వస్తాయి. మోసే బరువును బట్టి వాటికి 50, 65, 80 పీఎస్ఐ దాకా గాలి పట్టించాలి, అదీ బయల్దేరకముందు, టైరు చల్లగా ఉండగానే. గాలి తక్కువైతే గోడలు నలిగి వేడెక్కుతాయి, లోపలి పొరలు విడిపోతాయి. పాత ఎస్‌టీ టైర్లలో చాలావాటి వేగ పరిమితి గంటకు 65 మైళ్లే, అంటే దాదాపు 105 కిలోమీటర్లు. పశ్చిమ టెక్సస్‌లో ఐ-10 రహదారి మీద 80 మైళ్లు పోవచ్చని బోర్డు ఉంటుంది. బోర్డు ఒప్పుకున్నా టైరు ఒప్పుకోదు.

ఇక బేరింగులు. కంటికి కనబడవు కాబట్టి ఎవరికీ గుర్తురావు. ఒక్కో చక్రంలో రెండేసి, ఏటవాలు రోలర్లవి; హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంటు పొందిన రకం. ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్లకోసారి హబ్ విప్పి కొత్త గ్రీజు పెట్టాలన్నది వాడుకలో ఉన్న లెక్క. పాత గ్రీజంతా కడిగి తుడిచాక రోలర్లను వెలుతురులో తిప్పి చూస్తారు. నీలిరంగు తిరిగితే బాగా కాలిందని అర్థం. గుంటలు పడితే కప్పుతో సహా మార్చాల్సిందే. తర్వాత ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దానికేసి నొక్కుతూ పోతారు, పైఅంచున రోలర్ల సందుల్లోంచి గ్రీజు పొంగేదాకా. మన ట్రాక్టర్ మెకానిక్కులు చేసేదీ ఇదే. ఆయిల్ సీలు మాత్రం ప్రతిసారీ కొత్తది వేయాలి, అక్కడ పిసినారితనం పనికిరాదు.

నట్టు బిగింపు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. చక్రాన్ని తిప్పుతూ ముందు గట్టిగా బిగించి, పూర్తిగా వదులుచేసి, మళ్లీ వేళ్లతోనే బిగించి కాటర్ పిన్ను పెట్టాలి. బలం ఉంది కదా అని స్పానరుతో లాగేస్తే బేరింగు మాడిపోతుంది. ఇరుసు చివర గ్రీజు నిపుల్ ఉన్న బండ్లూ ఉన్నాయి. గన్నుతో గబగబా కొడితే గ్రీజు సీలు దాటి బ్రేకు లైనర్ల మీద పడుతుంది.

తీసి బిగించిన చక్రం నట్లను 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ టార్కు రెంచితో సరిచూడాలి. పెట్రోలు బంకులో ఆగినప్పుడల్లా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో హబ్బులన్నీ చూడటం అనుభవస్థుల అలవాటు. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఒక్కటే మరీ కాలుతుంటే బేరింగు పోతోంది, లేదా బ్రేకు పట్టేసింది. బండి అక్కడే ఆపాలి.