రోబో కారు: అన్నీ బిగించాక బండి కదలకపోతే..? అసలు పాఠం మొదలయ్యేది అక్కడే!

స్క్రూలన్నీ బిగించారు. వైర్లన్నీ కలిపారు. కోడ్ కూడా ఎక్కించారు. స్విచ్ వేస్తే లైటు వెలిగింది.. బండి మాత్రం అంగుళం కూడా కదల్లేదు. రోబో కారు కిట్ కొన్న చాలా ఇళ్లలో మొదటి రోజు జరిగేది ఇదే. రెండు రోజులు కుస్తీ పట్టి, 'ఇది పాడైన కిట్' అని తేల్చేసి అటక మీద పడేస్తారు. కానీ చాలాసార్లు పాడైంది కిట్ కాదు. ఎక్కడో ఒక వైరు తప్పు, లేదంటే బ్యాటరీ తప్పు. ఆ తప్పును వెతికి పట్టుకోవడమే ఈ బొమ్మ కారు నేర్పే అసలు విద్య.

మరి కిట్‌లో ఏముంటాయి? ఎలా బిగించాలి? కోడ్ ఎలా ఆలోచిస్తుంది? గోదావరి జిల్లాల పిల్లలకు దీంతో ఏం ఉపయోగం? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇప్పుడే ఎందుకింత క్రేజ్?

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. దాని కింద ఎంపికైన స్కూళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెట్టారు. ఒక్కో స్కూలుకు రూ.20 లక్షల వరకు గ్రాంట్ వస్తుంది. 6 నుంచి 12వ తరగతి పిల్లలు అక్కడ సెన్సర్లు, మోటార్లు, త్రీడీ ప్రింటర్లతో పనిచేయొచ్చు. దేశవ్యాప్తంగా ఇలాంటి ల్యాబ్‌లు ఇప్పటికే 10 వేలు దాటాయి. ప్రభుత్వ స్కూళ్లలో ఐదేళ్లలో మరో 50 వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

రాష్ట్రంలో చూస్తే, 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మంగళగిరిలో ప్రారంభమైంది. దాని అనుబంధ కేంద్రాల్లో రాజమహేంద్రవరం ఒకటి. అంటే రాజమండ్రి చుట్టుపక్కల పిల్లలకు ఇది దూరం సంగతేమీ కాదు. ల్యాబ్ లేని ఊళ్లోనూ ఇబ్బంది లేదు. బేసిక్ కిట్ వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరుకుతోంది.

కిట్‌లో ఉండేవి ఇవే..

మెదడు: ఆర్డుయినో ఊనో బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్లో, ఇంజినీరింగ్ చదవని విద్యార్థులు కూడా వాడగలగాలని మొదలుపెట్టిన ప్రాజెక్టు ఆర్డుయినో. ఊనో బోర్డులో 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు ఉంటాయి. కోడ్ దాచుకునే చోటు 32 కేబీ మాత్రమే. ఫోన్‌లో ఒక్క ఫొటో కూడా పట్టదు. అయినా ఈ కారుకు అది చాలా ఎక్కువ.

కాళ్లు: పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బాలో ఉండే బీఓ మోటార్లు. రెండు చక్రాల బండికి రెండు, నాలుగు చక్రాల బండికి నాలుగు.

కండరం: ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్. దీని అవసరం ఏంటన్నదే చాలామందికి వచ్చే డౌట్. ఊనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు. మోటార్ కదలాలంటే అంతకు ఎన్నో రెట్లు కరెంట్ కావాలి. అందుకే బోర్డు ఆర్డర్ మాత్రమే ఇస్తుంది. బ్యాటరీ నుంచి కరెంట్ తీసుకుని మోటార్‌కు అందించేది డ్రైవర్.

కళ్లు: హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్. ముందు అడ్డం ఉందో లేదో చెప్పేది ఇదే.

వీటికి తోడు బ్యాటరీ హోల్డర్, స్విచ్, జంపర్ వైర్లు, అడుగున పరిచే ప్లాస్టిక్ పలక ఉంటాయి.

బిగించేటప్పుడు వరుస తప్పొద్దు

అన్నీ ఒకేసారి బిగించేసి చివర్లో స్విచ్ వేయడం అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం. ఒక్కో మెట్టు ఎక్కుతూ, ప్రతి మెట్టు దగ్గరా పరీక్షించుకుంటూ వెళ్లాలి.

ముందు బోర్డు ఒక్కదాన్నే కంప్యూటర్‌కు కలిపి, దాని మీదున్న చిన్న లైటును వెలిగించి ఆర్పే కోడ్ ఎక్కించాలి. అది పనిచేస్తే బోర్డు, కేబుల్, సాఫ్ట్‌వేర్ మూడూ బాగున్నట్టే. కంప్యూటర్ బోర్డును గుర్తించకపోతే ముందు కేబుల్ మార్చి చూడాలి. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరావు. తక్కువ ధర బోర్డులకు సీహెచ్340 అనే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి రావచ్చు.

తర్వాత ఒక్క మోటార్ కలిపి తిప్పి చూడాలి. ఆ తర్వాత రెండోది. సెన్సర్‌ను చివర్లో కలపాలి.

ధవళేశ్వరం హెచ్చరికల్లాగే కోడ్!

కోడ్ అనగానే భయపడక్కర్లేదు. గోదావరి వాళ్లకు ఈ లాజిక్ కొత్తేం కాదు. ప్రతి వానాకాలం వార్తల్లో వినేదే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులైతే రెండోది. 17.75 అడుగులైతే మూడోది. 'ఇంత దాటితే ఇది చెయ్, లేదంటే అది చెయ్' అనే ఈ మాటనే కోడ్‌లో 'ఇఫ్', 'ఎల్స్' అని రాస్తారు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. నీళ్లు 18 అడుగులు ఉన్నాయనుకోండి. కోడ్‌లో ముందుగా '11.75 దాటిందా?' అని అడిగితే 'అవును' అని జవాబు వస్తుంది. ప్రోగ్రామ్ మొదటి హెచ్చరిక ఇచ్చేసి, మిగతా 'ఎల్స్ ఇఫ్'లను చూడకుండానే వెళ్లిపోతుంది. మూడో హెచ్చరిక ఎప్పటికీ రాదు. కాబట్టి పెద్ద ప్రమాదాన్నే ముందు అడగాలి. 17.75 దాటిందా? లేదంటే 13.75? అదీ కాదంటే 11.75?

కారు కోడ్ కూడా అంతే. కాకపోతే ఇక్కడ దూరం తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. అడ్డం 10 సెంటీమీటర్లకన్నా దగ్గరుంటే వెనక్కి వెళ్లు. లేదంటే, 20 కన్నా దగ్గరుంటే పక్కకు తిరుగు. అదీ కాకపోతే నేరుగా వెళ్లు. ఈ వరుస తారుమారైతే బండి పక్కకు తిరగడం తప్ప వెనక్కి రావడం ఎరగదు. గోడ మూలకు వెళ్లి ఇరుక్కుంటుంది.

ఈ ప్రశ్నలన్నీ 'లూప్' అనే భాగంలో రాస్తారు. స్విచ్ ఆపే వరకు బోర్డు వాటినే మళ్లీ మళ్లీ అడుగుతూ ఉంటుంది.

శబ్దంతో దూరం ఎలా కొలుస్తుంది?

నూతిలోకి కేకేస్తే మాట తిరిగి వినిపిస్తుంది కదా. సెన్సర్ చేసేదీ అదే. మనుషుల చెవికి అందని 40 కిలో హెర్ట్జ్ శబ్దాన్ని వదిలి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వెళ్లి రావాలి కాబట్టి ఒక్కో సెంటీమీటరుకు దాదాపు 58 మైక్రో సెకన్లు పడుతుంది. సెన్సర్ 1,160 అని చెబితే, దాన్ని 58తో భాగించాలి. అడ్డం 20 సెంటీమీటర్ల దూరంలో ఉందన్నమాట.

ఎండాకాలం 40 డిగ్రీల వేడిలో శబ్దం కాస్త వేగంగా వెళ్తుంది. అయినా 20 సెంటీమీటర్ల దగ్గర తేడా ఒక సెంటీమీటరు కూడా ఉండదు. అసలు ఇబ్బంది కర్టెన్లతో, దుప్పట్లతో. మెత్తటి గుడ్డ శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. ఏటవాలుగా ఉన్న అట్ట దాన్ని పక్కకు తిప్పేస్తుంది. అప్పుడు కారుకు ఎదురుగా ఏమీ లేనట్టే అనిపిస్తుంది.. వెళ్లి గుద్దేస్తుంది. అది కోడ్ తప్పు కాదు.

బండి కదలడం లేదా? ఇవి చూడండి

1. బ్యాటరీ: రిమోట్లలో, మల్టీమీటర్లలో వాడే చిన్న చదరపు 9 వోల్టుల బ్యాటరీ మోటార్లను లాగలేదు. వోల్టేజ్ ఉంటుంది, కరెంట్ చాలదు. లైటు వెలిగినా చక్రం తిరగకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

2. గ్రౌండ్: ఊనో గ్రౌండ్, డ్రైవర్ గ్రౌండ్, బ్యాటరీ మైనస్.. మూడూ కలిసి ఉండాలి. ఈ ఒక్క వైరు మర్చిపోతే బోర్డు ఇచ్చే ఆర్డర్ డ్రైవర్‌కు అర్థం కాదు.

3. వోల్టేజ్: ఎల్298ఎన్ తనలోనే సుమారు 2 వోల్టులు తినేస్తుంది. 7.4 వోల్టుల బ్యాటరీ పెడితే మోటార్‌కు చేరేది ఐదున్నర దాకా. టెర్మినల్ మీద 12 అని రాసి ఉందని 12 వోల్టులే ఇవ్వాల్సిన పనిలేదు.

4. గుండ్రంగా తిరుగుతోందా?: ఒక మోటార్ ముందుకు, ఇంకోటి వెనక్కి తిరుగుతున్నట్టు. ఒక మోటార్ రెండు వైర్లను అటూ ఇటూ మారిస్తే చాలు.

5. పక్కకు లాగుతోందా?: ఏ రెండు మోటార్లూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు. కోడ్‌లో వేగాన్ని 0 నుంచి 255 వరకు ఇవ్వొచ్చు. ఎక్కువ వేగంగా తిరిగే మోటార్‌కు అంకె కొంచెం తగ్గించాలి. మరీ తగ్గిస్తే మోటార్ మూలుగుతుంది గానీ కదలదు.

6. కోడ్ ఎక్కడం లేదా?: బ్లూటూత్ మాడ్యూల్‌ను 0, 1 పిన్నులకు కలిపి ఉంటే కోడ్ ఎక్కించేటప్పుడు దాన్ని తీసేయాలి. ఆ రెండు పిన్నులూ కంప్యూటర్‌తో మాట్లాడటానికి వాడేవి.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చింది నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మూడు ఒకేసారి మారిస్తే బండి కదిలినా, ఎందుకు కదిలిందో తెలియదు.

ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్లు పక్కనుండాల్సిందే

చాలా కిట్లలో 18650 అనే లిథియం సెల్స్ వాడతారు. ప్లస్, మైనస్ ఒకదానికొకటి తగిలితే క్షణాల్లో వేడెక్కి, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. హోల్డర్‌లో సెల్ తిరగేసి పెట్టకూడదు. వాటికోసం చేసిన ఛార్జర్‌తోనే ఛార్జ్ చేయాలి. రాత్రంతా వదిలేసి పడుకోకూడదు. పై తొడుగు చిరిగిన సెల్స్, ఉబ్బిన లిథియం బ్యాటరీ ప్యాక్‌లు పక్కన పెట్టేయాలి. వైర్లు మార్చే ప్రతిసారీ ముందు స్విచ్ ఆపాలి.

తర్వాత మెట్టు.. గీత మీద నడిచే కారు

తెల్లటి చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేప్ అంటించి, కారు అడుగున రెండు ఐఆర్ సెన్సర్లు పెడితే అది గీత వెంబడి వెళ్తుంది. తెలుపు కాంతిని తిరిగి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. ఎడమ సెన్సర్ నల్లగీత మీదకు వస్తే ఎడమకు తిరగాలి, కుడిది వస్తే కుడికి. గదిలో చక్కగా నడిచిన బండి మధ్యాహ్నం అరుగు మీద తడబడొచ్చు. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉండటమే కారణం. సెన్సర్ మీదున్న చిన్న స్క్రూను తిప్పి సర్దుకోవాలి.

ఇంతకీ దీంతో ఏం ఉపయోగం?

భీమవరం వైపు రొయ్యల చెరువులనే చూడండి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సమయానికి ఏరేటర్లు తిరగకపోతే పంట మొత్తం పోయే ప్రమాదం. నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్, ఇంత తగ్గితే ఏరేటర్ వెయ్ అనే కోడ్, ఏరేటర్‌ను తిప్పే మోటార్.. చూడు, తేల్చుకో, కదులు. బొమ్మ కారులో ఉన్నదీ ఈ మూడు ముక్కలే. అలాగని పిల్లలు కిట్ బోర్డును తీసుకెళ్లి చెరువు దగ్గర కరెంటు మోటార్లకు కలపకూడదు. అది ప్రాణాల మీదకొచ్చే పని, దానికి తగిన పరికరాలు, ఎలక్ట్రీషియన్ వేరే. కానీ ఆలోచన మాత్రం ఒకటే.

స్కూల్ ఎగ్జిబిషన్ రేపనగా రెడీమేడ్ రోబో కొనిచ్చేస్తే బహుమతి రావచ్చు. 'ఇది ఎందుకు ఆగిపోయింది?' అని జడ్జి అడిగితే మాత్రం జవాబు రాదు. మూడు రోజులు కదలని బండిని, గ్రౌండ్ వైరు ఒక్కటి కలిపి కదిలించిన పిల్లాడికి ఆ జవాబు తెలుసు. రేపు చెరువు గట్టు మీద ఏరేటర్ ఆగినా, ఫ్యాక్టరీలో మెషిన్ ఆగినా ముందు ఏది చూడాలో తెలిసేది అలాంటి వాళ్లకే.

అటక మీద కిట్ ఉంటే కిందికి దించండి. ముందుగా బ్యాటరీ, తర్వాత గ్రౌండ్ వైరు చూడండి.