ఒకే డిస్కు, పెక్కు విభాగములు

మన వార్షిక సంచికను ఒక వైపునుండి తెరచినచో తెలుగు విభాగము, రెండవ వైపునుండి తెరచినచో ఉర్దూ విభాగము కనిపించును. పుస్తకమొకటే, కాని దేని మొదలు దానిదే, దేని పుటల సంఖ్య దానిదే. కంప్యూటరులోని డిస్కు కూడ ఇట్టిదే. పైకి ఒకే పెట్టె; లోపల ‘పార్టిషన్లు’ అను విభాగములు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలుపు పట్టిక డిస్కు మొదటనే వ్రాయబడియుండును. పాత పద్ధతి పట్టికలో ముఖ్యవిభాగములు నాలుగింటికి మించరాదు. జీపీటీ అను నేటి పద్ధతిలో సాధారణముగ 128 వరకు చోటు కలదు.

1969లో బెల్ లేబొరేటరీస్‌లో మొదలైన యూనిక్స్ గాని, దాని బాటలో 1991లో వెలువడిన లినక్స్ గాని, విభాగములను సీ డ్రైవు, డీ డ్రైవు అని పిలువవు. ఫైళ్లన్నియు ఒకే వృక్షము. దాని మొదలు ‘రూట్’. విభాగమును ఈ వృక్షములో ఒక కొమ్మకు, అనగా ఒక ఖాళీ డైరెక్టరీకి, తగిలించిననే అందలి ఫైళ్లు కంటబడును. దీనినే మౌంట్ చేయుట యందురు. డైరెక్టరీ ఖాళీగ లేకున్నను మౌంట్ జరుగును. అందలి పాత ఫైళ్లు మరల విడదీయువరకు మరుగున నుండును. పోయినవని దుఃఖింప నక్కరలేదు.

తగిలించుట సులభము, గుర్తించుటయే కష్టము. లినక్స్ తనకు కనబడిన వరుసను బట్టి డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెట్టును. ఎస్‌డీబీ1 అనగా ఎస్‌డీబీలోని మొదటి విభాగము. ఈ వరుస మారవచ్చును. మేము ఈ విద్య నేర్చుచున్న దినములలో క్రొత్త డిస్కు నొకదానిని తగిలించి, అది ఎస్‌డీబీ యని నిన్న చూచినదే నమ్మి, నేడు మరల చూడక ఫార్మాట్ చేసితిమి. కంప్యూటరు రాత్రి ఆపి ఉదయము తెరచునప్పటికి పేర్లు తారుమారైనవి. పాత సంచికల ముఖచిత్రములు, ఒక ముషాయిరా ఛాయాచిత్రములు అందులో నుండెను. అవి మరల దొరకలేదు.

కావున ముందుగ ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ అను ఆజ్ఞను ‘హైఫన్ ఎఫ్’ చేర్చి ఇయ్యవలెను. ప్రతి విభాగమునకు దాని వ్రాతపద్ధతి, పేరు, యూయూఐడీ అను పొడవైన గుర్తింపుసంఖ్య కనిపించును. వరుస మారినను ఈ సంఖ్య మారదు. ఫార్మాట్ చేసినచో క్రొత్తది వచ్చును. కంప్యూటరు తెరచినప్పుడెల్ల మౌంట్ కావలసిన వానిని ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైలులో ఈ సంఖ్యతోనే వ్రాయుట క్షేమము.

వ్రాతపద్ధతి ఎందులకని అడుగువారు జొన్నగిరికి సమీపమున ఎర్రగుడిలోని అశోకుని లఘుశిలాశాసనమును చూడవలెను. అందు కొంతభాగము ఎడమనుండి కుడికి, కొంతభాగము కుడినుండి ఎడమకు, ఎద్దులు చాలు తిరిగినట్లు వ్రాయబడినది. దిశ తెలియనివాడు అక్షరములు వచ్చియు చదువలేడు. (ఉర్దూ, తెలుగు రెండును చదువు మన విద్యార్థులకు ఇది వింత గాదు.) అట్లే లినక్స్ తరచుగ వాడు ఎక్స్‌ట్4, విండోస్ వాడు ఎన్‌టీఎఫ్‌ఎస్, పెన్‌డ్రైవులలోని ఫ్యాట్, వేరువేరు తీరులు.

సందేహమున్నచో మౌంట్ ఆజ్ఞకు ‘ఆర్‌ఓ’ అను సూచన చేర్చవలెను. అప్పుడు ఫైళ్లను చదువుటయే గాని మార్చుట కుదరదు. పని ముగియగనే ‘యుమౌంట్’ ఇయ్యక డిస్కును లాగరాదు. వ్రాసితిమనుకొన్నది ఇంకను మెమరీలోనే యుండవచ్చును.

నేడు మేము ప్రతి డిస్కుపై దాని సామర్థ్యము, సీరియల్ సంఖ్య చీటిపై వ్రాసి అంటించుచున్నాము. ఫార్మాట్‌కు ముందు ఒకరు చీటి చదువుదురు, మరొకరు తెరపై సంఖ్యను చదువుదురు.