జేబులో ఇమిడే రంపం

దువ్వెనకు పళ్లున్నాయి, రంపానికీ పళ్లున్నాయి. దువ్వెన పళ్లు వెంట్రుకలను విడదీస్తే, రంపం పళ్లు మానును రెండు ముక్కలు చేస్తాయి. వడ్రంగి ఇంట్లో ఉండే రంపం మూరెడు పొడవు ఉంటుంది. కాని జేబులో పెట్టుకునే మడత చాకులలో కొన్నింటికి వేలెడు రంపం కూడా ఉంటుంది. దాన్ని చూస్తే చాలామందికి నవ్వు వస్తుంది. "ఇంత చిన్న రంపంతో ఏం కోస్తాం? ఇది ఆటవస్తువు" అంటారు. అది ఆటవస్తువో పనిముట్టో మనం పరీక్షించి తేల్చుకుందాం.

హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైలు ఎక్కితే దారిలో పెనుకొండ వస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తరవాత విజయనగర రాజులు తమ రాజధానిని ఈ కొండకోటకే మార్చుకున్నారు. ఈ మూడు ఊళ్లూ 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి. ఇది వానలు తక్కువ పడే సీమ. కొండలన్నీ రాతి గుండ్లు. ఆ గుండ్ల నడుమ సీతాఫలం, తంగేడు, వేప, కానుగ పెరుగుతాయి. చెరువు గట్ల మీద, బంజరు నేలల మీద ఎటు చూసినా సర్కారు తుమ్మ. దీన్నే ఇక్కడివాళ్లు కంపచెట్టు అంటారు.

ఈ కంపచెట్టు మన దేశపుది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1870లలో జమైకా దీవి నుంచి విత్తనాలు తెప్పించి, మన కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. వంటచెరకుకు కరువున్న చోట త్వరగా పెరిగే చెట్టు కావాలని తెచ్చారు. అది నీళ్లు లేకపోయినా బతికింది, మేకలు తిన్న కాయల గింజలతో ఊరూరా పాకింది. నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. దాని కర్ర చాలా గట్టిది, ముళ్లు పొడవైనవి. సెలవుల్లో గుడారం వేసుకుని ఒక రాత్రి గడపబోయే స్కౌట్లకు ఈ సీమలో మొదట ఎదురయ్యే కట్టె ఇదే. కనక మన పరీక్షకు ఇదే సరైనది.

బొటనవేలంత లావున్న ఎండు తుమ్మకొమ్మను తీసుకుని, మామూలు చాకు అలుగుతో అడ్డంగా కోసి చూడండి. అలుగు జారిపోతుంది. గట్టిగా నొక్కితే కొంచెం చెక్కు లేస్తుంది, అంతే. ఎందుకు?

దీనికి జవాబు మీ ఇంట్లో చీపురుకట్టలో ఉన్నది. ఒక గుప్పెడు చీపురుపుల్లలు తీసుకుని తాడుతో బిగించి కట్టండి. ఆ కట్ట చివర ఒక పలుచని బద్దను నిలువుగా దూర్చితే సులభంగా పుల్లల మధ్యకు పోతుంది. అదే బద్దతో కట్టను అడ్డంగా తెగగొట్టాలంటే ఒక్కొక్క పుల్లనూ తుంచాలి. కర్ర కూడా ఇటువంటి కట్టే. చెట్టు నీటిని వేరు నుంచి ఆకుకు మోసుకుపోయే సన్నని నాళాలు, పీచులు నిలువుగా పేర్చి అతికినట్టు ఉంటాయి. కత్తి పీచుల వెంట పోతే చీలుస్తుంది. అడ్డంగా పోవాలంటే దానికి బరువు, విసురు కావాలి. గొడ్డలికీ మచ్చుకత్తికీ ఆ బరువున్నది, చాకుకు లేదు.

రంపం బరువుతో పని చెయ్యదు. దాని పళ్లు ఒక్కొక్కటి ఒక చిన్న కత్తి. ఒక్కొక్కటీ కొన్ని పీచులనే తెంపి, ఆ ముక్కలను పొట్టుగా బయటికి తోస్తుంది. పెద్ద పనిని చిన్న చిన్న పనులుగా పంచుకోవడం అన్నమాట. అందుకే చాకు అలుగు చెయ్యలేని పనిని దాని పక్కనే ఉన్న చిన్న రంపం ఒకటి రెండు నిమిషాల్లో చేస్తుంది.

రంపం మనుషులకు కొత్తది కాదు. హరప్పా నాగరికత కాలంలోనే సింధు లోయవాళ్లు రాగితో, కంచుతో రంపాలు చేసుకున్నారు. మడత చాకు కూడా పాతదే. రోమను సామ్రాజ్యపు నాటి ఒక మడత పనిముట్టు ఇంగ్లండులో కేంబ్రిడ్జి పట్టణంలోని ఫిట్జ్‌విలియమ్ మ్యూజియంలో ఉన్నది. దానికి కత్తితో పాటు చెంచా, ముళ్లచెంచా కూడా ఉన్నాయి. రంపం మాత్రం లేదు.

స్విట్జర్లండు దేశంలో కార్ల్ ఎల్స్‌నర్ అనే పనివాడు 1884లో ఐబాఖ్ అనే ఊళ్లో చాకుల కర్మాగారం పెట్టాడు. 1891లో ఆయన తన దేశపు సైనికులకు చాకులు సరఫరా చేశాడు. అందులో ఒక అలుగు, రంధ్రాలు పొడిచే సూది, డబ్బాలు తెరిచే మొన, తుపాకి మరలు విప్పే స్క్రూడ్రైవరు ఉండేవి. ఆ సైనికుల చాకులో కట్టె కోసే రంపం చేరింది ఎప్పుడో తెలుసా? 2008 నాటి మాడల్‌లో! అంతకు ముందే బజారులో అమ్మే చాకులకు రంపాలుండేవి. విడిదిలో దాని విలువ తెలిసినవాళ్లు వాటిని కొనుక్కున్నారు.

ఇక దాని నిర్మాణం చూద్దాం. రంపం కోసిన చోట సన్నని గాడి పడుతుంది. ఆ గాడి రంపపు రేకు మందం కంటే కొంచెం వెడల్పు ఉండాలి. లేకపోతే రేకు రెండు గోడల మధ్య ఇరుక్కుని కదలదు. వడ్రంగి దీనికొక ఉపాయం చేస్తాడు. ఒక పన్నును ఎడమకు, పక్క పన్నును కుడికి కొద్దిగా వంచుతాడు. మేలు రకం చాకుల రంపాలలో పళ్లను వంచరు. రేకునే పళ్ల దగ్గర మందంగా, వెన్ను దగ్గర పలుచగా అరగదీస్తారు. గాడిని మందమైన అంచు తవ్వుతుంది, పలుచని వెన్ను వెనకాలే సులువుగా జారుతుంది.

లాగితే బాగా తెగుతుందా, తోస్తే బాగా తెగుతుందా? ఒక పోస్టుకార్డు పట్టుకుని చూడండి. రెండు చివరలూ పట్టి లాగితే నిటారుగా నిలుస్తుంది. తోస్తే వంగిపోతుంది. పలుచని రేకు కూడా అంతే. జపాను వడ్రంగులు పలుచని రంపాలను లాగేటప్పుడే కోసేలా చేసుకున్నది ఇందుకే. చాకు రంపాలలో కొన్ని రెండు వైపులా కోస్తాయి. ఐనా మీరు బలం లాగేటప్పుడే పెట్టండి, తోసేటప్పుడు ఊరికే జరపండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంత లావు కట్టె దాకా ఇది పనికివస్తుంది? కొంచెం లెక్క వేద్దాం. రంపం పొడవు 3 అంగుళాలు అనుకోండి. కొమ్మ మందం 1 అంగుళం ఐతే, ముందుకూ వెనక్కూ ఆడటానికి 2 అంగుళాలు మిగులుతుంది. కొమ్మ 2 అంగుళాలు ఐతే మిగిలేది 1 అంగుళమే. ఇంకొక సంగతి. లావు రెండింతలైతే కోయవలసిన ముఖం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. పని నాలుగింతలు, ఒక్కొక్క లాగుడు సగం. కనక సుమారు ఎనిమిదింతల లాగుళ్లు కావాలి! పైగా లాగుడు పొట్టిదైతే పొట్టు బయటికి రాక గాడిలోనే చిక్కుకుంటుంది. ఒక అంగుళం దాకా ఈ రంపం రాజు. ఒకటిన్నర అంగుళం దాకా మంత్రి. అది దాటితే దాన్ని జేబులో పెట్టి, పెద్దవాళ్లను, పెద్ద రంపాన్ని పిలవాలి.

విడిదిలో అంగుళం లోపు కట్టెలతో ఎన్ని పనులున్నాయో ఎంచి చూడండి. గుడారపు తాళ్లు కట్టడానికి మేకులు కావాలి. బండ నేలలో మేకు దిగని చోట తాడును రాతిగుండుకు కట్టుకోవచ్చును. మట్టి ఉన్న చోట మాత్రం మేకే కావాలి. మేకుకు తాడు జారకుండా ఒక గాడి ఉండాలి. ముందు రంపంతో అడ్డంగా కొంచెం కోసి, తరవాత చాకుతో దాని వైపుకు చెక్కండి. అలుగు ఆ కోత దగ్గర ఆగిపోతుంది, కర్ర చీలిపోదు. బిందె వేలాడదీసే కొక్కెం, బట్టలు ఆరవేసే దండెం, మూడు కర్రలు చేర్చి కట్టిన ముక్కాలి స్టాండు, అన్నీ ఇలాగే చెయ్యవచ్చును. వెదురును కత్తితో కొడితే నిలువునా చీలుతుంది. రంపంతో కోస్తే గుండ్రంగా తెగి, లోటాగానో పెన్నుల గొట్టంగానో పనికివస్తుంది. దారికి అడ్డంగా పడిన ముళ్లకొమ్మ ఉందనుకోండి. దాన్ని చేత్తో విరిస్తే ముళ్లు గీరుకుంటాయి. ముళ్లు లేని చోట పట్టుకుని రెండు చోట్ల కోస్తే దారి వస్తుంది.

కొమ్మ ఏ పక్క నుంచి కోయాలో తెలియకపోతే రంపం ఇరుక్కుంటుంది. ఒక మునగకాయను రెండు ఇటుకల మీద వంతెనలాగా పెట్టి, నడుమ వేలితో నొక్కండి. పై అంచు నలిగి దగ్గరకు వస్తుంది, కింది అంచు సాగుతుంది. అంటే రెండు చివరలా ఆనుకున్న కొమ్మను నడుమ పైనుంచి కోస్తే గాడి మూసుకుని రంపాన్ని పట్టేస్తుంది. అదే మునగకాయను ఒక ఇటుక అంచు దాటి బయటికి ఉంచి, బయటి చివర నొక్కండి. ఇప్పుడు పై అంచే సాగుతుంది. కనక కొమ్మను బండ అంచు మీద పెట్టి, బండకు బయట ఉన్న చోట కోస్తే గాడి తెరుచుకుంటుంది. చివర్లో బరువుకు విరిగి పట్ట ఊడిపోకుండా, ముందుగా కింది వైపు కొంచెం కోసి, తరవాత పైనుంచి కోయండి.

ఇక జాగ్రత్తలు. మడత చాకులలో చాలావాటికి అలుగును తెరిచిన చోటే నిలిపే బిగింపు ఉండదు. ఇరుక్కున్న రంపాన్ని పైకి గుంజితే అది మడతపడి మీ వేళ్ల మీద మూసుకోవచ్చు. అటువంటప్పుడు కొమ్మను కొంచెం వంచి గాడి తెరవండి, తరవాత నెమ్మదిగా వెనక్కు తీయండి. రంపం కోత కత్తి గాటులా శుభ్రంగా ఉండదు, చర్మాన్ని చీల్చి చెల్లాచెదరు చేస్తుంది, మానడానికి చాలా రోజులు పడుతుంది. కనక కూర్చునే కోయండి. కోసే చోటు మోకాళ్లకు బయట ఉండాలి. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఎవరూ ఉండకూడదు. చాకును ఒకరికి ఇచ్చేటప్పుడు మూసే ఇవ్వాలి. మొదటి కొన్నిసార్లు అమ్మో నాన్నో స్కౌటు మాస్టారో పక్కన ఉండాలి. బడికి చాకు తీసుకుపోకూడదు. విమానంలో చేతిసంచీలో పెట్టుకోనివ్వరు.

పని అయ్యాక పళ్ల మధ్య పొట్టును పాత పళ్లు తోముకునే బ్రష్షుతో దులపండి. తడి ఉంటే తుడిచి, మడత దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వెయ్యండి. పొలంలో కత్తిని నూరినట్టు రంపాన్ని సానరాతి మీద రుద్దకండి. పళ్లు అరిగిపోతాయి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఒకటున్నది. రంపం చేతిలో ఉంటే కనబడిన కొమ్మనల్లా కోయాలనిపిస్తుంది. వానలు తక్కువైన ఈ సీమలో ఒక వేప, ఒక చింత పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. రంపానికి రెండు నిమిషాలు చాలు. పచ్చి కొమ్మను తాకకండి, అది మండదు కూడా. నేల మీద రాలిన ఎండు కట్టె, పొలం యజమాని అనుమతి ఇచ్చిన కంప, ఈ రెండే మీవి. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం చట్టవిరుద్ధం. ఎండకాలంలో కొండగడ్డి గట్టిగా ఎండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ కొండంతా కాల్చగలదు. పెనుకొండ కోటలోని గోడలకూ లేపాక్షి గుడి స్తంభాలకూ చాకు మొన తగిలించకండి. నాలుగైదు వందల ఏళ్ల కిందటి శిల్పుల పనిని మీ పేరు చెక్కి చెడపకూడదు.

ఇంతకీ ఆ వేలెడు రంపం ఆటవస్తువా, పనిముట్టా? అంగుళం కట్టె దగ్గర పనిముట్టే. గొడ్డలి పని దానికి చెబితే ఆటవస్తువు. వచ్చే ఆదివారం పెద్దవాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక అంగుళం ఎండుకర్రను, దానికి రెండింతల లావు కర్రను ఇదే రంపంతో కోయండి. ఒక్కొక్కదానికి ఎన్ని లాగుళ్లు పట్టాయో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. మన లెక్క ఎనిమిదింతలని చెప్పింది. మీ కర్ర ఏం చెబుతుందో చూడండి.