వైద్యుల చేతిలో ఫోను.. నిత్య పాఠశాల
సగం సమాచారంతోనే చిక్కు

మోతీనగర్: ఒకవైపు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, మరోవైపు సనత్‌నగర్ ఈఎస్ఐ వైద్య కళాశాల, కాస్త ముందుకెళితే జూబ్లీహిల్స్ కార్పొరేట్ ఆసుపత్రులు. చుట్టూ ఇన్ని ఉన్నా మోతీనగర్, బోరబండ గల్లీల్లో సొంత క్లినిక్ నడిపే వైద్యుడు ఒంటరే. సాయంత్రం వచ్చిన రోగి ఒంటిమీది దద్దుర్లు అంతుచిక్కకపోతే, పక్క గదిలోకి వెళ్లి అడగటానికి మరో వైద్యుడు ఉండడు. ఆ లోటును ఇప్పుడు చాలావరకు ఫోను తీరుస్తోంది. వాట్సాప్, టెలిగ్రామ్ సమూహాల్లో ప్రశ్న వేస్తే చర్మవ్యాధి నిపుణుడి సమాధానం నిమిషాల్లో అందవచ్చు. వైద్యుడు ఫోను చూస్తుంటే రోగికి చిరాకు కలగటం సహజమే గానీ, ఒక్కోసారి ఆ చూపు రోగి కోసమే.

భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమావళి ప్రకారం వైద్యులు అయిదేళ్లలో కనీసం 30 గంటలపాటు వృత్తిపరమైన విద్యా సదస్సుల్లో పాల్గొనాలి. అంటే సగటున ఏడాదికి ఆరు గంటలు. మందులు, మార్గదర్శకాలు మారుతున్న వేగానికి ఇది ఏ మూలకూ చాలదు. మిగిలిన చదువు వైద్యుడు సొంతంగా సాగించాల్సిందే.

దూరాన ఉన్న నిపుణుడితో చర్చించి నేర్చుకోవటం ఈ నగరానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన రొనాల్డ్ రాస్, లండన్‌లోని ప్యాట్రిక్ మ్యాన్సన్‌తో ఉత్తరాల ద్వారానే సంప్రదించేవారు. ఆ ఉత్తరాలు ఓడల్లో వెళ్లి చేరటానికి వారాలు పట్టేది. అయినా చూసింది చూసినట్లు వివరంగా రాయటం, అవతలి నుంచి సలహాలు, సందేహాలు రావటం వల్ల పరిశోధన ముందుకు సాగింది. నేటి సమూహాల్లో వేగానికి కొదవ లేదు. కొరవడుతున్నది ఆ వివరమే.

నార్కట్‌పల్లిలో..

ఈ లోటును పూడ్చే ప్రయత్నం నల్గొండ జిల్లాలోనే జరిగింది. నార్కట్‌పల్లిలోని కామినేని వైద్య విజ్ఞాన సంస్థలో జనరల్ మెడిసిన్ ఆచార్యుడు రాకేశ్ బిశ్వాస్ ఆధ్వర్యంలో విద్యార్థులు, పీజీ వైద్యులు తాము చూసిన రోగుల వివరాలను ఆన్‌లైన్‌లో ‘ఈ-లాగ్’ల రూపంలో రాశారు. రోగి ఏ బాధతో వచ్చాడు, ఏ పరీక్షలో ఏం తేలింది, ఏ చికిత్స ఇచ్చారు అన్నదంతా అందులో ఉంటుంది. రోగి పేరు, ఆనవాళ్లు తొలగిస్తారు. సంతకంతో కూడిన అనుమతి తీసుకున్నట్లు పైనే రాస్తారు. ఆ కేసులపై వాట్సాప్ సమూహాల్లో చర్చ నడుస్తుంది. పది మంది ముందు పెట్టాలంటే ముందుగా తనకే స్పష్టత ఉండాలి కనుక, రాసే విద్యార్థికి రాయటంలోనే సగం పాఠం అబ్బుతుంది. వచ్చిన సందేశాన్ని మరో సమూహానికి తోసేసే వ్యక్తికి ఆ లాభం దక్కదు.

డెక్సామెథాసోన్ నేర్పిన పాఠం

2020 జూన్ 16న ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ‘రికవరీ’ ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. డెక్సామెథాసోన్ అనే చౌక స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్‌పై ఉన్న కొవిడ్ రోగుల్లో మరణాలు సుమారు మూడో వంతు, ఆక్సిజన్‌పై ఉన్నవారిలో అయిదో వంతు తగ్గాయి. పత్రికలో పరిశోధన పత్రం అచ్చుకాకముందే ఈ కబురు ప్రపంచమంతటా వైద్యుల ఫోన్లకు చేరింది. సామాజిక మాధ్యమాల మేలు అక్కడ స్పష్టంగా కనిపించింది.

అదే ప్రకటనలో మరో వాక్యం ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఈ మందుతో ప్రయోజనం లేదన్నదే ఆ వాక్యం. 2021 రెండో ఉధృతిలో మందుల జాబితాలు ఫోన్లలో చేతులు మారినప్పుడు చాలాచోట్ల అది జారిపోయింది. జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే స్టెరాయిడ్లు మింగినవారున్నారు. అదుపులో లేని మధుమేహానికి స్టెరాయిడ్లు తోడై మ్యూకార్‌మైకోసిస్ విజృంభించింది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక నివేదించాల్సిన వ్యాధిగా ప్రకటించగా, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి చికిత్సకు కేంద్రమైంది. ఇందుకు ఫోన్ సందేశాలనే తప్పుపట్టటం సబబు కాదు గానీ, మూలాన్ని తెరిచి చదవకుండా మోతాదు ఒక్కటే రాసుకుంటే ఎంత నష్టమో ఆ నెలలు చూపాయి. సందేశం కింద పరిశోధన పత్రం లింకు, తేదీ లేకపోతే దాన్ని పాఠంగా తీసుకోకూడదు. ఎక్స్‌రే, ఈసీజీ చిత్రాలను మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ వాటిని కుదిస్తుంది. సన్నని వివరాలు చెదరకుండా ఉండాలంటే ‘డాక్యుమెంట్’గా పంపటం మేలు.

రోగి గుట్టు ఎవరి బాధ్యత?

రోగిని గుర్తుపట్టేలా ఫొటోలు, కేసు వివరాలు అతని అనుమతి లేకుండా ప్రచురించరాదని 2002 నియమావళి చెబుతోంది. గుర్తింపు బయటపడకపోతే అనుమతి అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. ఫోను రోజుల్లో ఈ వెసులుబాటు పనికిరాదు. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల అసలే పనికిరాదు. పేరు తీసేసినా, షూటింగ్‌లో కాలు విరిగిన కథానాయకుడి ఎక్స్‌రే అని రాస్తే చాలు, ఎవరిదో ఊరంతా చెప్పేస్తుంది. నార్కట్‌పల్లిలో పేరు తొలగించి కూడా సంతకం తీసుకోవటం ఈ కారణంగానే సరైన పద్ధతి.

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనల్లో రోగుల స్కాన్లు, ఫొటోలు సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దని సూచించింది. అదే నెల 23న ఆ నిబంధనలను నిలిపివేయటంతో 2002 నియమావళే తిరిగి అమల్లోకి వచ్చింది. ఇక ఫోన్‌లో మరో వైద్యుడి సలహా తీసుకున్నా, చికిత్స బాధ్యత మాత్రం రోగిని చూస్తున్న వైద్యుడిదేనని 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తేల్చిచెప్పాయి. సమూహంలో పది మంది చెప్పారన్న మాట మండలి ముందు చెల్లదు.

ఫొటో తీసే ముందు అది ఎవరికి వెళుతుందో, ముఖం కనిపిస్తుందో లేదో వైద్యుడిని అడిగే హక్కు రోగికి ఉంది. వద్దని చెప్పినంత మాత్రాన చికిత్స ఆగకూడదు.