వృత్తి శిక్షణము - రేడియో

విశాఖపట్టణమున రేవు 1933లో తెరువబడినది. 1948 మార్చి 14న 'జల ఉష' అను ఓడ సింధియా నౌకానిర్మాణశాలనుండి నెహ్రూ చేతులమీదుగా జలప్రవేశము చేసినది. ఉక్కు కర్మాగారము కొరకు 1966లో ప్రజలు ఉద్యమించిరి. ప్రాణములు సైతము అర్పించిరి. 1971లో శంకుస్థాపనము జరిగి, 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. ఇంత పోరాడి తెచ్చుకొన్న కర్మాగారమున యంత్రముకడ నిలువదగిన ఫిట్టరు, టర్నరు, వెల్డరు ఎట్లు తయారగుదురో మాత్రము ఎన్నో యిండ్లలో తెలియదు.

కంచరపాలెమున ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థ కలదు. ప్రవేశ ప్రకటనలు పత్రికలలో వచ్చును. కాని "ఐ.టి.ఐ.యా? చదువు అబ్బనివాళ్ల కది" అని ఇంటి పెద్ద ఒక్కమా టన్నచో ఆ ప్రకటన పని ముగిసినట్లే. పిల్లవాని చదువు నిర్ణయించునది తరచుగా వాడు కాదు, తల్లిదండ్రులు. ఆడపిల్ల విషయమైనచో చెప్పనక్కరలేదు. ఇంటిల్లిపాదికి ఒకేమారు వినబడు రేడియో ఉపయోగ మిచ్చటనే యున్నది. విశాఖలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. దాని మాట ఇప్పుడు చేతిఫోనులలో గూడ వినవచ్చును.

అయితే ఏమి వినిపింపవలెను? పథకము పేరు, నిబంధనలు అధికారిచేత చదివించుట సులభము. శ్రోత మీట త్రిప్పివేయుటయు అంతే సులభము. పని చప్పుడునే వినిపింపరాదా? వెల్డింగులో ఆర్కు సరిగా నిలిచినపుడు, కాగిన నూనెలో గారెలు వేగుచున్నట్లు ఎడతెగని ధ్వని వచ్చును. కడ్డీ దూరమైనచో అది చెదరి బుసకొట్టును. అనుభవము గల వెల్డరు కంటితోపాటు చెవితోను పని చేయును. ఈ రెండు ధ్వనులను ఒకదాని వెంట నొకటి వినిపించి, భేద మేమో పనివానిచేతనే చెప్పించినచో, అది తెలివి చాలనివాని పని కాదని ఏ తల్లికైనను బోధపడును. ఫిట్టరు శిక్షణము రెండేండ్లనియు, 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి కర్మాగారమున పని నేర్చుకొను కాలములో నెలనెల స్టైపెండు లభించుననియు అటుపిమ్మట చెప్పినచో చెవి కెక్కును.

వినుటతోనే సరిపోదు. 1956లో పూనా ప్రాంతమున ఆకాశవాణి యునెస్కో తోడ్పాటుతో 20 మరాఠీ ప్రసారములు చేసి, గ్రామములలో శ్రోతల సంఘముల నేర్పరచినది. కలిసి విని, చర్చించి, సందేహములను కేంద్రమునకు వ్రాసిపంపిన గ్రామములలో తెలివిడి బాగుగ పెరిగినది. రేడియో మాత్రమే యున్న గ్రామములలో అంతగా పెరుగలేదు. గాజువాకలోనో మల్కాపురములోనో పది కుటుంబములు కూడి విన్నచో ప్రశ్నలు పుట్టక మానవు. హాస్టలు కలదా? వర్క్‌షాపులో ఆడపిల్లలు ఎందరు? తరువాత డిప్లొమా చదువవచ్చునా? వీనికి మరుసటి వారమే శిక్షకుడు స్వయముగా బదులు చెప్పవలెను.

ఈ ప్రసారములు పదవ తరగతి ఫలితములు వెలువడిన వారముననే మొదలు కావలెను. చిరునామాను, గడువు తేదీని నెమ్మదిగా రెండుమారులు చదువవలెను. కలము వెదకుకొనుటకు శ్రోతకు కొంత వ్యవధి యుండవలెను గదా.