బర్నా బాయ్ పాటలో వినిపించే ఆ గొంతు ఎవరిది? అమా అటా ఐడూ కథ

ఈ ఎపిసోడ్ అయ్యాక ఒక పని చేయండి. నైజీరియా సింగర్ బర్నా బాయ్ 2020లో 'ట్వైస్ యాజ్ టాల్' అని ఆల్బమ్ చేశాడు, దానికి గ్రామీ వచ్చింది. అందులో 'మాన్‌స్టర్స్ యు మేడ్' అనే పాట పెట్టుకుని వినండి. అందులో పాట కాకుండా ఒకావిడ మాటలు వినిపిస్తాయి. గట్టిగా, కోపంగా. మీరు మా దగ్గరికి వచ్చినప్పటి నుంచి మేం అన్నీ ఇస్తూనే ఉన్నాం, మాకేం మిగిలింది అని యూరప్‌ని నిలదీస్తుంది. అది 1987లో ఆవిడ ఇచ్చిన ఒక ఇంటర్వ్యూ ముక్క. ఆవిడ పేరు అమా అటా ఐడూ. దేశం ఘానా. ఇవాళ ఆవిడ గురించే.

1942 మార్చి 23న పుట్టింది. ఊరు అబియాద్జీ కియాకోర్, చిన్న పల్లె. వాళ్ల నాన్న ఆ ఊరి పెద్ద, అంటే చీఫ్. ఊళ్లో మొదటి బడి పెట్టించింది ఆయనే. కూతుర్ని కేప్ కోస్ట్‌లో వెస్లీ గర్ల్స్ హైస్కూల్‌కి పంపాడు. పదిహేనేళ్లప్పుడు పెద్దయ్యాక ఏమవుతావని టీచర్ అడిగితే, కవినవుతా అందట. హెడ్‌మిస్ట్రెస్ నవ్వి ఊరుకోలేదు, ఒక టైప్‌రైటర్ తెచ్చి చేతిలో పెట్టింది. అప్పటి టైప్‌రైటర్ అంటే ఇప్పుడు మీకెవరో ల్యాప్‌టాప్ కొనిచ్చినట్టే.

యూనివర్సిటీలో చదువుతుండగానే నాటకం రాసింది. 'ది డైలమా ఆఫ్ ఎ ఘోస్ట్'. 1964లో స్టూడెంట్లే వేశారు, 1965లో పుస్తకంగా వచ్చింది. ఆఫ్రికా నుంచి నాటకం అచ్చయిన మొదటి రచయిత్రి అని ఆవిణ్ణే చెబుతారు. అప్పటికి వయసు ఇరవై మూడు!

కథ వింటే మీకు ఎక్కడో తెలిసిన ఇల్లే అనిపిస్తుంది. ఏటో అనే కుర్రాడు అమెరికాలో చదువుకుని, అక్కడి నల్లజాతి అమ్మాయి యూలలీని పెళ్లి చేసుకుని ఇంటికొస్తాడు. పిల్లల్ని ఇప్పుడే వద్దని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు. ఇంట్లో వాళ్లకి ఆ సంగతి తెలీదు. ఏడాది దాటేసరికి కోడలు గొడ్రాలని మొదలుపెట్టారు, మందులు పట్టుకొచ్చారు. మరి మొగుడు? నోరు విప్పడు! ఇది మా ఇద్దరి నిర్ణయమమ్మా అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనడు. చివరికి నిజం బయటపడ్డాక ఆ అమ్మాయిని చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లేది అత్తగారే. అత్తాకోడళ్లు శత్రువులు కాదు, మధ్యలో నోరు మెదపని కొడుకే అసలు సమస్య అని ఇరవై రెండేళ్ల అమ్మాయి 1964లో రాసింది. మన సీరియళ్లు ఇంకా అక్కడిదాకా రాలేదు. సరే, అది వేరే ఎపిసోడ్.

తర్వాత 1970లో 'అనోవా' అనే నాటకం. అనోవా తల్లి మాట కాదని నచ్చినవాణ్ణి చేసుకుంటుంది. ఇద్దరూ కష్టపడి వ్యాపారం చేస్తారు. డబ్బు రాగానే మొగుడు బానిసల్ని కొంటాడు. ఈవిడ వద్దంటుంది. 1870ల నాటి కథ అది. బానిస వ్యాపారంలో మన చేతులు కూడా ఉన్నాయి అని సొంత మనుషుల ముఖం మీదే చెప్పింది ఐడూ. పాటలో యూరప్‌ని నిలదీసిన గొంతూ ఇదే, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1981 చివర్లో ఘానాలో జెర్రీ రాలింగ్స్ తిరుగుబాటు చేసి అధికారం పట్టుకున్నాడు. 1982లో ఐడూని పిలిచి విద్యాశాఖ ఇచ్చాడు. రచయిత్రి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషి, ఒక్కసారిగా మంత్రి. ఆవిడకి ఒకటే లక్ష్యం: ఘానాలో చదువు అందరికీ ఫ్రీగా అందాలి. అది తనవల్ల కాదని అర్థమయ్యాక, పద్దెనిమిది నెలలకే రాజీనామా చేసి బయటికొచ్చేసింది.

ఇక్కడ నాకు ఒక డౌట్ వచ్చేది. ఉండి పోరాడొచ్చుగా? కుర్చీలో ఉంటే కొంచెమైనా చేయొచ్చు కదా? ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేను. కానీ వెళ్లిపోయి ఖాళీగా కూర్చోలేదు. 1983లో జింబాబ్వే వెళ్లింది. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లే. అక్కడ విద్యాశాఖ వాళ్ల సిలబస్ తయారుచేసే విభాగంలో పనిచేసింది. పిల్లల కథలు రాసింది, కవితలు వేసింది. అంటే కుర్చీ వదిలింది, పని వదల్లేదు.

ఫెమినిజం విదేశాల నుంచి వచ్చిన సరుకు అని ఆఫ్రికాలో చాలామంది ఆవిడతో వాదించారు. మా అమ్మమ్మలకి ఎవరు నేర్పారు ఇది అన్నట్టుండేది ఆవిడ జవాబు. ఆడవాళ్లే కాదు, మగవాళ్లూ ఫెమినిస్టులు కావాలనేది. ఆఫ్రికా భూమి, ఆఫ్రికా సంపద ఆఫ్రికా వాళ్ల చేతిలో ఉండాలి అనుకునేవాడు, ఇంట్లో ఆడమనిషి బతుకు ఆమె చేతిలో ఉండొద్దంటే ఎలా కుదురుతుంది? ఆవిడ లెక్క అది.

మరి ప్రేమకథలు? దేశంలో ఇన్ని సమస్యలుండగా అక్రాలో ప్రేమికుల గురించి నేను రాయలేను అని ఒకసారి ఇంటర్వ్యూలో అనేసింది. తర్వాత 1991లో సరిగ్గా అలాంటి నవలే రాసింది, 'ఛేంజెస్'. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని ముందుమాటలో తనే ఒప్పుకుంది. దానికి 1992లో ఆఫ్రికా ప్రాంతానికి కామన్వెల్త్ రైటర్స్ ప్రైజ్ వచ్చింది.

ఎసీ అనే అమ్మాయి గవర్నమెంట్ ఆఫీసులో స్టాటిస్టిక్స్ ఉద్యోగం చేస్తుంటుంది. భర్త కంటే సంపాదన ఎక్కువ. ఒకరోజు పొద్దున్నే అతను బలవంతం చేస్తాడు. ఆమె ఆఫీసుకెళ్లి కూర్చుని ఆలోచిస్తుంది: జరిగినదానికి ఇంగ్లీషులో పేరుంది, మా భాషలో ఏమంటారు? మాట దొరకదు. పేరే లేనిదాన్ని ఇంట్లో ఎవరికి చెప్పాలి, విడాకులకి కారణమని ఎలా చూపించాలి? ఈ పేజీలు చదువుతుంటే నేను ఆగిపోయాను. మనం కూడా 'మారిటల్ రేప్' అనే అంటాం. 'వైవాహిక అత్యాచారం' పేపర్లో కనిపిస్తుంది గానీ, ఏ అమ్మాయి వాళ్లమ్మకి ఆ మాటతో చెప్పగలదు? పైగా 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా, భార్య వయసు 18 దాటితే భర్త చేసింది రేప్ కింద లెక్కకు రాదనే మినహాయింపు అలాగే ఉంది.

2000లో ఐడూ ఆఫ్రికా రచయిత్రుల కోసం 'అంబాసెమ్' అనే ఫౌండేషన్ పెట్టింది. 2017లో ఘానా సీనియర్ హైస్కూల్ చదువు ఫ్రీ చేసింది. ఆవిడ కుర్చీ దిగి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది, కానీ ఆ రోజు చూడ్డానికి ఆవిడ ఉంది. 2023 మే 31న చనిపోయింది, 81 ఏళ్లకి.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అంటారా? 'డైలమా'తో మొదలుపెట్టండి. చిన్న నాటకం, ఇంగ్లీషు కష్టంగా ఉండదు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. చదివాక ఏటో మీద మీకెంత కోపం వచ్చిందో కామెంట్లో రాయండి.